14 కిలోమీటర్ల నీళ్లు, అవతల ఆఫ్రికా: గద్దల వలస చూసొచ్చిన నా అనుభవం

బెంగుళూరులో ఉండేవాళ్లకి గద్ద కొత్త కాదు. శివాజీనగర్ మాంసం కొట్ల మీద, కె.ఆర్. మార్కెట్ మీద, మా రామమూర్తినగర్‌లో నీళ్ల ట్యాంకుల మీద, ఎక్కడ చూసినా అవే తిరుగుతుంటాయి, అందుకే ఎవరూ తలెత్తి చూడరు. ఇదే జాతి గద్దలు ఐరోపాలో పిల్లల్ని పెంచుకుని, ఆగస్టు నాటికి వేలకు వేలుగా స్పెయిన్ దక్షిణపు కొసకి చేరి, అక్కడ సముద్రం దాటి ఆఫ్రికాకి వెళ్లిపోతాయని చదివినప్పటి నుంచి నాకు అది చూడాలని పట్టుకుంది. చివరికి వెళ్లి చూసొచ్చాం, నేనూ మా వదినా. ఎలా తయారయ్యాం, అక్కడ ఏం జరిగింది, వెళ్లాలనుకునేవాళ్లకి ఏం తెలిసుండాలి అన్నీ రాస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది.

ముందు, స్పెయిన్‌కీ ఆఫ్రికాకీ మధ్యనున్న ఆ జిబ్రాల్టర్ జలసంధి దగ్గరే ఎందుకు చూడాలి అన్నది చెప్పాలి. అది అర్థం కాకపోతే అక్కడ గంటలకొద్దీ కూర్చోవడం విసుగ్గా ఉంటుంది, అర్థమైతే మాత్రం లేవబుద్ధి కాదు. గద్దలు, రాబందులు, పెద్ద కొంగలు, వీటి రెక్కలు వెడల్పు, ఒళ్లు బరువు. రెక్కలు కొట్టుకుంటూ వేల కిలోమీటర్లు పోవాలంటే దాచుకున్న కొవ్వంతా సగం దారిలోనే అయిపోతుంది. అందుకని ఎండకి నేల కాగి పైకి లేచే వేడిగాలిని పట్టుకుంటాయి. రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ ఆ గాలితో పాటే పైకెక్కి, అక్కడి నుంచి ముందుకి జారుతూ పోయి, ఎత్తు తగ్గాక ఇంకో చోట మళ్లీ వేడిగాలిని వెతుక్కుంటాయి. దాన్నే థర్మల్ అంటారు. నీళ్ల మీద అలాంటి థర్మల్ దాదాపు లేవదు. అంటే సముద్రం మీద అడుగు పెట్టిన క్షణం నుంచి ఆ పక్షికి ఉన్న ఆస్తి రెండే: ఒడ్డున సంపాదించుకున్న ఎత్తు, ఒంట్లో ఉన్న బలం.

కాబట్టి వీలైనంత ఇరుకు చోటు చూసుకుని దాటుతాయి. పశ్చిమ ఐరోపా నుంచి ఆఫ్రికాకి అలాంటి చోటు జిబ్రాల్టర్ జలసంధి, బాగా ఇరుకైన దగ్గర 14 కిలోమీటర్ల చిల్లర. మనకి వైట్‌ఫీల్డ్ నుంచి ఎం.జి. రోడ్డు కన్నా తక్కువ. తూర్పు ఐరోపా పక్షులైతే ఇస్తాంబుల్ దగ్గర బాస్ఫరస్ మీదుగా పోతాయి, అది ఇంకా సన్నం, కొన్నిచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. ఈ సముద్రపు భయం ఎంతటిదంటే, ఇటలీలో పుట్టిన పాముల గద్దలు చాలావరకు నేరుగా దక్షిణానికి సిసిలీ మీదుగా ఆఫ్రికా పోవచ్చు కదా, పోవు. అక్కడ సముద్రం వెడల్పు ఎక్కువ. అవి ముందు ఉత్తరానికి వెళ్లి, ఫ్రాన్స్ చుట్టి, స్పెయిన్ అంతా దిగి, జిబ్రాల్టర్ దగ్గర దాటుతాయి. దక్షిణానికి పోవలసిన పక్షి ఉత్తరానికి తిరిగి బయల్దేరుతుంది! ఇది చదివిన రోజు రాత్రి వదినకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పోదాం పద" అన్నారు.

ఇంట్లో మా ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. "మన దేశంలో లేవా వలసలు? నాగాలాండ్‌లో లక్షల్లో వస్తాయని నువ్వే చెప్పావు కదా?" నిజమే. అక్టోబరు, నవంబరుల్లో అముర్ ఫాల్కన్లు అనే చిన్న డేగలు దోయాంగ్ జలాశయం దగ్గర దిగే దృశ్యం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 2012లో వలలు వేసి వాటిని వేలకొద్దీ చంపిన వార్తలు బయటికొస్తే, తర్వాతి ఏడాదికల్లా ఆ ఊళ్లవాళ్లే వేట ఆపేశారు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ అముర్ ఫాల్కన్ వేరే తరహా. చిన్నది, సన్న రెక్కలది, రెక్కలు ఆడిస్తూ వెనక నుంచి తోసే గాలిని వాడుకుంటూ అరేబియా సముద్రాన్నే దాటేస్తుంది. నేను చూడాలనుకున్నది దానికి ఎదురు, సముద్రం ముందుకొచ్చి ఆగిపోయే పక్షిని. అది ఎప్పుడు నిర్ణయం తీసుకుంటుంది, ఏం చూసి తీసుకుంటుంది, అది నా కళ్లతో చూడాలి.

తయారీ మొత్తం బెంగుళూరులోనే జరిగింది. ఇది ఎవరికైనా గట్టిగా చెప్తాను: అక్కడ కనిపించే ముఖ్యమైన పక్షుల్లో చాలావరకు ఇక్కడే నేర్చుకోవచ్చు. గద్దలు మా మేడ మీదే దొరికాయి. పొద్దున తొమ్మిది దాటాక, ఎండ కాస్త కాగాక పైకెళ్లి చూస్తే, అంతదాకా సెల్ టవర్ల మీద కూర్చున్నవి ఒకటొకటిగా లేస్తాయి. మొదట నాలుగు రెక్కలు కొట్టి, ఎక్కడో ఒకచోట వేడిగాలి తగలగానే తోక ఒకవైపుకి తిప్పి, వంగి, చుట్టడం మొదలుపెడతాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి వస్తుంది. నేను చూసి నేర్చుకున్నది ఆ తోక. గద్ద తోక ఊరికే ఉండదు, అటూ ఇటూ మెలి తిరుగుతూనే ఉంటుంది, గాలిలో చుక్కాని అదే. చివర చీలినట్టుంటుంది గానీ పూర్తిగా విప్పినప్పుడు ఆ చీలిక కనబడదు, అప్పుడే కొత్తవాళ్లు తికమక పడతారు. కింద ఫ్లాట్ నెల్లూరు ఆంటీ బట్టలారేయడానికి వచ్చినప్పుడల్లా "రోజూ ఆ గద్దల్లో ఏముందమ్మా" అనేవారు. ఒక రోజు బైనాక్యులర్ ఆవిడ చేతికిచ్చాను. ఆ తర్వాత బట్టలారేసి కూడా కిందికి దిగడం మానేశారు.

మిగతావి ఊరి బయట. పాముల గద్ద హెసరఘట్ట గడ్డి మైదానంలో దొరుకుతుంది, కింద నుంచి చూస్తే ఒళ్లంతా తెలుపు, పెద్ద తల, గాలిలో ఒక్కచోటే నిలబడి కిందికి చూస్తుంది. అంత పెద్ద పక్షి అలా నిలబడటం మొదటిసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. చలికాలంలో అక్కడికే హ్యారియర్లు (గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరిగే వేటపక్షులు) కూడా వస్తాయి. బూటెడ్ ఈగల్ అనే చిన్న గరుడ పక్షి కూడా చలికాలపు చుట్టమే, గద్దల గుంపులో కలిసి తిరుగుతుంది, తోక చీలి ఉండదు, ఎదురుగా వచ్చేటప్పుడు మెడకి రెండు పక్కలా రెక్క మొదట్లో రెండు తెల్ల చుక్కలు లైట్లు వేసినట్టు కనిపిస్తాయి. తెల్ల రాబందు కోసం రామనగర వెళ్లాలి, అక్కడి రామదేవర బెట్టని 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. తేనెగద్దల్లో ఐరోపా రకం మన దగ్గర ఉండదు గానీ దాని దగ్గరి చుట్టం బెంగుళూరు చెట్ల మీద మామూలుగానే కనిపిస్తుంది. కందిరీగల, తేనెటీగల పట్టులు పీకి లోపలి పురుగుల్ని తింటుంది. దాని చిన్న తల, సన్న మెడ ముందుకి పొడుచుకొచ్చినట్టుండటం, జారేటప్పుడు రెక్కలు బల్లపరుపుగా పెట్టడం, ఇవి పట్టుకుంటే చాలు, ఐరోపా దాన్నీ గుర్తుపడతారు.

లెక్కపెట్టడం వేరే విద్య. అది వదిన పని. చుట్టలు తిరుగుతున్న గుంపుని లెక్కపెట్టలేం, ఎక్కినదే మళ్లీ ఎక్కుతున్నట్టుంటుంది. పైకి చేరాక ఒకదాని వెనక ఒకటి వరసగా జారడం మొదలుపెడతాయి చూడండి, అప్పుడు లెక్కపెట్టాలి. ఆవిడ దీనికి జపం చేసుకునే కౌంటర్ వాడారు, వేలికి ఉంగరంలా తగిలించుకుని నొక్కుతారే, అదే. గద్దలకి ఒకటి, మిగతావాటికి ఇంకొకటి, రెండు చేతులకీ రెండు. కన్ను బైనాక్యులర్ నుంచి తియ్యకుండా లెక్క పడిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది ఏ పక్షి కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. తెల్ల కొంగలు (మన పొలాల్లోవి కావు, పెద్ద స్టార్క్‌లు) జులై, ఆగస్టుల్లోనే పోతాయి. నల్లగద్దల, అంటే మన మామూలు గద్దల, జోరు ఆగస్టు. తేనెగద్దలు ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో. పాముల గద్దలు, బూటెడ్ ఈగల్స్ సెప్టెంబరు మధ్య నుంచి. గ్రిఫన్ రాబందులైతే అక్టోబరు చివర, నవంబరు. మేం ఆగస్టు ఆఖరులో దిగేలా పెట్టుకున్నాం, గద్దల తోకా దొరుకుతుంది, తేనెగద్దల తలా దొరుకుతుంది అని. వీసా పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, షెంగెన్ వీసా ఎవరికైనా ఒకటే, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్స్, హోటల్ బుకింగ్. "ప్రయాణ ఉద్దేశం" అన్న చోట పక్షులు చూడటానికి అని రాశాం, కౌంటర్లో అమ్మాయి చదివి నవ్వి స్టాంపు వేసింది. టెలిస్కోప్ మాత్రం క్యాబిన్ సంచిలోనే పెట్టుకోండి, స్టాండ్ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టండి.

మాలగాలో విమానం దిగి, బస్సులో అల్హెసీరాస్, అక్కడి నుంచి తరీఫా. చిన్న ఊరు, ఐరోపా ప్రధాన భూభాగానికి దక్షిణాన చిట్టచివరి చోటు. దార్లో కొండ మలుపు తిరగగానే అవతలి ఒడ్డు కనిపించింది. మ్యాపులో చూడటం వేరు, ఇది వేరు. మొరాకో కొండలు, వాటిలో జెబెల్ మూసా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా అనిపిస్తాయి. వదిన నా చెయ్యి పట్టుకుని "అదేనా ఆఫ్రికా?" అన్నారు, అవునన్నాను, ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ.

ఆ తర్వాత గాలి. తరీఫాని అర్థం చేసుకోవాలంటే రెండు పేర్లు చాలు. తూర్పు నుంచి వచ్చేది లెవాంతే, పడమర నుంచి వచ్చేది పొనియెంతే. జలసంధికి రెండు వైపులా కొండలుండటంతో ఆ సందులో గాలి ఒత్తుకుని విపరీతమైన వేగంతో వస్తుంది. ఆ గాలి కోసమే అక్కడికి సర్ఫింగ్ చేసేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు, ఊరంతా వాళ్ల బోర్డులే. మేం వెళ్లేసరికి లెవాంతే మొదలై ఉంది. తలుపు తీస్తే గది లోపలికి ఇసుక వస్తుంది, మనిషి నిలబడలేడు, మొరాకోలోని టాంజియర్ వెళ్లే ఫెర్రీలు ఆపేశారు. పక్షులు కూడా ఆగిపోయాయి. గట్టి అడ్డగాలిలో సముద్రం మీదికి వెళ్తే పడమటికి, అట్లాంటిక్ మీదికి కొట్టుకుపోతాయి, అక్కడ ఒడ్డన్నది లేదు. అది వాటికి తెలుసు.

సముద్రం వైపు చూస్తే ఏమీ లేదు కాబట్టి మేం లోపలికి, లా హాండా అనే మైదానం వైపు వెళ్లాం. ఒకప్పుడు పెద్ద చెరువు, గత శతాబ్దంలో నీళ్లు తోడేసి పొలాలు చేశారు, ఇప్పుడు వరి కూడా పండిస్తారు. ఆ వరి మళ్లు చూసి వదినకి ప్రాణం లేచొచ్చింది. అక్కడ కోసిన పొలాల్లో, కరెంటు స్తంభాల మీద, మట్టి గడ్డల మీద గద్దలు. ఒకటీ రెండూ కాదు, నేలంతా. మామూలుగా గాలిలోనే చూసే పక్షి నేల మీద వందలకొద్దీ కూర్చుని, అన్నీ గాలికి ఎదురుగా ముఖం పెట్టి, ఈకలు రేగిపోతుంటే కళ్లు సగం మూసుకుని ఉంది. ఒకటి మా కారుకి బాగా దగ్గరగా కంచె రాయి మీద కూర్చుంది. ఈ ఏటి పిల్ల, రొమ్ము మీద లేత గోధుమరంగు చారలు, ఈకల అంచులన్నీ కొత్తగా ఉన్నాయి. గాలి విసురు వచ్చినప్పుడల్లా గోళ్లతో రాయిని గట్టిగా పట్టుకుని, తోక కిందికి నొక్కి నిలదొక్కుకుంటోంది. పుట్టి కొన్ని నెలలు, సముద్రం ఎప్పుడూ చూసి ఉండదు. దాని ఎదురుగా కారులో కూర్చుని నువ్వుల పొడి అన్నం తిన్నాం, ఇద్దరికీ మాట రాలేదు. వదిన మాత్రం చివర్లో "పాపం, దీనికెవరు చెప్తారు ఎప్పుడు పోవాలో" అన్నారు.

లెవాంతే అలా రోజుల తరబడి ఉంటుంది. టెన్షన్ పడకండి, కానీ సెలవు పెట్టేటప్పుడు ఈ ఆగే రోజుల్ని లెక్కలో వేసుకుని పెట్టండి, రెండు మూడు రోజుల కోసం అంత దూరం వెళ్లొద్దు. ఇంకో మాట, ఆగిన రోజులే మంచి రోజుని తయారుచేస్తాయి. వెనక నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి, ముందుకి పోయేది ఒక్కటీ లేదు, అన్నీ అక్కడే పోగవుతాయి.

ఒక పొద్దున లేచేసరికి తలుపు చప్పుడు లేదు. గాలి ఇంకా తూర్పు నుంచే, కానీ మెత్తబడింది. మేం కసాల్యా గుట్టకి వెళ్లాం. తరీఫాకి కాస్త పైన, రోడ్డు పక్కనే పక్షులు చూడటానికి కట్టిన చోటు, ఎదురుగా ఊరు, సముద్రం, మొరాకో, వెనక కొండలు. 1997లో మొదలైన మిగ్రెస్ వలస లెక్కల పని చేసేవాళ్లు ఇక్కడి నుంచే, అల్హెసీరాస్ వైపున్న ఎల్ అల్గరోబో నుంచీ లెక్క కడతారు. మేం వెళ్లేటప్పటికే వాళ్లున్నారు, కుర్రవాళ్లు, టోపీలు, టెలిస్కోపులు, ముందు నోటు పుస్తకం. మాకు స్పానిష్ రాదు, వాళ్లకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా పక్షి వైపు వేలు చూపించి పేరు చెప్తే సరిపోతుంది.

తొమ్మిదిన్నర దాకా ఏమీ లేదు. పది దాటాక వెనక కొండ మీద ఒక్క చుక్క, ఆ వెంటనే పది, ఆ తర్వాత నేను లెక్క వదిలేశాను. కొండ వాలు మీద నుంచి గద్దలు లేస్తున్నాయి, అచ్చం మా మేడ మీద నుంచి చూసే తీరే, అదే తోక మెలిక, అదే వంపు. తేడా ఒక్కటే, మా మేడ మీద అవి ఎక్కడికీ పోవు. ఇక్కడ ఒక ఎత్తుకి చేరాక చుట్టడం ఆపేసి, రెక్కలు కొంచెం వెనక్కి మడిచి, దక్షిణానికి ముక్కు పెట్టి జారడం మొదలుపెట్టాయి. ఊరి మీదుగా, రేవు మీదుగా, దీవి మీదుగా, ఇక నీళ్లు. ఒకటి వెళ్లింది, దాని వెనక ఒక వరస. వదిన రెండు చేతుల కౌంటర్లూ టిక్కుటిక్కుమంటూనే ఉన్నాయి.

తేనెగద్దలు ఇంకాస్త పొద్దెక్కాక వచ్చాయి. అడ్డగాలి కావడంతో కిందికి ఒంగి వచ్చాయి, మా తలల మీద నుంచే. ఒక మగది ఎంత దగ్గరగా వచ్చిందంటే బైనాక్యులర్ అక్కర్లేదు. బూడిద రంగు తల, పసుపు కన్ను, తోక మొదట్లో రెండు నల్ల పట్టీలు, చివర ఒకటి. రెక్క కింద ఒక ఈక రాలిపోయి ఖాళీ ఉంది, అందులోంచి ఆకాశం కనిపించింది. అది తల అటు తిప్పి, ఇటు తిప్పి సముద్రాన్ని చూసింది, మమ్మల్ని అసలు లెక్కచేయలేదు. దాని రెక్క గాలిని కోసే చప్పుడు విన్నాం. అది పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల వైపు పోయే పక్షి, ముందు ఈ నీళ్లు, ఆ తర్వాత సహారా. ఆ చప్పుడు విన్నాక వదిన కౌంటర్ నొక్కడం ఆపేసి రెండు చేతులూ జోడించారు. పక్కనున్న కుర్రాడు చూసి తలూపాడు.

నేను వెళ్లిందే దేనికోసమో అది మధ్యాహ్నం కనిపించింది. టెలిస్కోప్‌లో ఒక పాముల గద్దని పట్టుకున్నాను, ఆ సీజన్‌కి కాస్త ముందే వచ్చింది. గద్దలతో పాటే నీళ్ల మీదికి వెళ్లింది. కొంతదూరం జారుతూనే ఉంది, ఎత్తు తగ్గుతోంది, ఆ తర్వాత రెక్కలు కొట్టడం మొదలుపెట్టింది. బరువుగా, నెమ్మదిగా, ప్రతి దెబ్బకీ ఒళ్లు కొంచెం లేచి మళ్లీ దిగుతోంది. గాలి దాన్ని పక్కకి నెడుతోంది. అలా చాలా దూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగింది. ఒడ్డుకి వచ్చేటప్పుడు నీళ్లకి బాగా దగ్గరగా ఉంది, రేవు దగ్గర సీగల్స్ రెండు దాని మీద పడి వెంటపడ్డాయి. అలిసిపోయి వచ్చే పక్షుల మీద ఇవి అలాగే పడతాయి, కుర్ర రాబందులైతే వీటి దెబ్బకి నీళ్లలో పడిపోవడం కూడా ఉంది. ఇది తప్పించుకుని కొండ చేరింది. నేను టెలిస్కోప్ వదల్లేదు. కొంచెంసేపు ఒక చెట్టు మీద కూర్చుంది, లేచింది, మళ్లీ అదే వాలు మీద చుట్టడం మొదలుపెట్టింది, ఈసారి ముందుకన్నా చాలా పైకి, చుక్క అయ్యేదాకా ఎక్కింది. అప్పుడు బయల్దేరింది. ఈసారి రెక్క కొట్టడం కనిపించేలోపే దూరపు మసకలో కలిసిపోయింది. వెనక్కి రాలేదు, సాయంత్రం దాకా చూశాను.

ఎత్తు చాలదని దానికి తెలిసింది. సగం దూరం పోయినా సరే, వెనక్కి రావడానికి సరిపడా బలం ఉండగానే తిరిగింది. ఈ లెక్క తప్పితే ఇంకో అవకాశం ఉండదు. ఆ రాత్రి గదిలో వదినా నేనూ దీని గురించే మాట్లాడుకున్నాం. ఆవిడ కాగితం మీద 14 కిలోమీటర్లు, ఎంత ఎత్తు నుంచి జారితే ఎంత దూరం పోతుంది, గాలి ఎదురైతే ఎంత తగ్గుతుంది అని గీసి చూపించారు. "ఇది నేను తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పినా సగం మందికి రాదు" అన్నారు. నా మట్టుకి నాకు, ఇన్ని వేల పక్షులు దాటడం కన్నా ఆ ఒక్కటి వెనక్కి తిరిగిన క్షణమే ఆ ప్రయాణం మొత్తానికి విలువ.

గాలిమరల సంగతి కూడా చెప్పాలి, అది నన్ను బాగా పట్టుకుంది. తరీఫా చుట్టూ కొండల మీద వందల గాలిమరలు, సరిగ్గా పక్షులు వచ్చే దారిలో. మాది అనంతపురం వైపు, రామగిరి గాలిమరలు చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, వాటికి నేను వ్యతిరేకిని కాదు, కరెంటు కావాలి. కానీ ఇక్కడ గ్రిఫన్ రాబందులు ఆ రెక్కలకి తగిలి చచ్చిపోయేవి. తరీఫా ఉన్న కాదిస్ ప్రాంతంలో మనుషుల్ని పెట్టి, రాబందు ఫలానా మర వైపు వస్తోందంటే వెంటనే చెప్పి ఆ ఒక్క మరనే కాసేపు ఆపించడం మొదలుపెట్టారు. 2012లో అచ్చైన అధ్యయనం ప్రకారం రాబందుల చావులు సగానికి తగ్గాయి, పోయిన కరెంటు మొత్తంలో 0.07 శాతం. నూటికి ఒక్క వంతు కూడా కాదు! ఇంత తేలిగ్గా అయ్యే పనిని మన రాయలసీమ కొండల మీద కూడా ఎందుకు చెయ్యకూడదు? నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి భూముల్లో చలికాలంలో హ్యారియర్లు దిగుతాయి, వాటి దారిలో కూడా తీగలూ మరలూ పెరుగుతూనే ఉన్నాయి. దీని గురించి నాకు తెలిసిన ఇంజనీర్లందరినీ అడుగుతున్నాను, చదివేవాళ్లలో ఆ రంగంలో ఉన్నవాళ్లుంటే మీ దగ్గర ఈ మాట ఎత్తండి.

చివరి రోజుల్లో గాలి పొనియెంతేకి మారింది. పడమటి గాలికి పక్షులు తూర్పుకి జరుగుతాయి, తరీఫా ఖాళీ అయిపోతుంది, అప్పుడు అల్హెసీరాస్ దగ్గర ఎల్ అల్గరోబోకి మారాలి. అక్కడ ఎత్తుగా పోతాయి, కసాల్యాలో చూసినంత దగ్గరగా కనబడవు, మెడ నొప్పి పుడుతుంది, కింద పడుకుని చూసేవాళ్లని చూశాం, మేమూ దుప్పటి పరుచుకుని అలాగే చూశాం. తెల్ల రాబందుల జంట ఒకటి అక్కడే దొరికింది, నలుపూ తెలుపూ రెక్కలు, కొసకి సన్నబడే తోక. రామనగరలో ఒకటి కనిపిస్తేనే పండగ మాకు.

వెళ్లేవాళ్లకి మిగిలినవి: లెవాంతే మెత్తగా ఉంటే కసాల్యా, పొనియెంతే అయితే అల్గరోబో, లెవాంతే గట్టిగా ఉంటే లా హాండా. పొద్దున ఏడింటికి లేచి పరుగెత్తనక్కర్లేదు, నేల కాగాలి, పది నుంచి మూడు దాకా అసలు పని. బైనాక్యులర్ 8x42 చాలు, టెలిస్కోప్ ఇద్దరికి ఒకటి. ఆగస్టులో సర్ఫింగ్ వాళ్ల వల్ల గదుల ధరలు మండిపోతాయి, సెప్టెంబరు మధ్యకి తగ్గుతాయి, అప్పుడు పాముల గద్దలూ బూటెడ్ ఈగల్సూ ఎక్కువ దొరుకుతాయి. శాకాహారులకి ఆమ్లెట్ కూడా తినకపోతే కష్టమే, పొడులు, అటుకులు, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లండి, వంటగది ఉన్న గది తీసుకోండి. కారు అద్దెకి తీసుకుంటే మంచిది, బస్సులు ఊరి నుంచి ఊరికే, గుట్టల దగ్గరికి పోవు.

వదిన ఇప్పుడు అక్టోబరు చివర గ్రిఫన్ రాబందుల కోసం పోదామంటున్నారు. ఆ గుంపుల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన రూపెల్ రాబందులు కూడా ఒకటీ అరా కలిసి ఉంటాయి. ఆవిడ పాస్‌పోర్టు గడువు అయిపోతోంది, ముందు అది రెన్యువల్ చేయించాలి.